బొలోనియా బీచ్ ఒడ్డున రోమన్ ఊరు: బాయెలో క్లౌదియా వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ స్పెయిన్ ట్రిప్ అనగానే మనవాళ్ల లిస్టులో సెవిల్, గ్రనడా, మలగా బీచ్‌లు ఉంటాయి. చివర్లో ఎవరో ఒకరు "తరీఫా దగ్గర సముద్రం ఒడ్డునే రోమన్ శిథిలాలున్నాయట కదా, వెళ్లొచ్చా?" అని అడుగుతారు. ఆ వెనకే మిగతా సందేహాలన్నీ వస్తాయి. ప్రతిసారీ అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. టైమింగులు, టికెట్ ధరలు మారుతుంటాయి. బయల్దేరే ముందు ఆందలూసియా (ఈ దక్షిణ స్పెయిన్ ప్రాంతం) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

బాయెలో క్లౌదియా అంటే ఏంటి? ఎక్కడుంది?

స్పెయిన్ దక్షిణపు కొసన, కాదిస్ జిల్లాలో, తరీఫా పట్టణానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో బొలోనియా అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లె బీచ్ పక్కనే ఉన్న రోమన్ ఊరి శిథిలాలే బాయెలో క్లౌదియా. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం చివర్లో పుట్టిన ఊరు ఇది. ట్యూనా చేపల్ని ఉప్పులో ఊరబెట్టి ఓడల్లో పంపడం ఇక్కడి వ్యాపారం. క్రీస్తుశకం 41 నుంచి 54 దాకా ఏలిన క్లాడియస్ చక్రవర్తి కాలంలో దీనికి పురపాలక హోదా వచ్చిందని చెబుతారు. పేరులోని రెండో మాట ఆయనదే. ఎదురుగా జిబ్రాల్టర్ జలసంధి, దానికి అవతల ఆఫ్రికా. ఆకాశం తేటగా ఉన్న రోజు మొరాకో కొండలు కంటికి కనిపిస్తాయి.

రాళ్లూ పునాదులేగా, అంత దూరం వెళ్లడం దండగ కాదా?

నిలువెత్తు కట్టడాలే కావాలంటే ఇది మీకు నచ్చకపోవచ్చు. గోడలు చాలావరకు మోకాలెత్తు, నడుమెత్తు దాకానే మిగిలాయి. కానీ ఒక రోమన్ ఊరికి కావలసినవన్నీ ఇక్కడ నడిచే దూరంలో ఉన్నాయి: కోట తలుపులు, పెద్ద వీధి, మార్కెట్, కోర్టు, గుళ్లు, స్నానశాల, థియేటర్, ఫ్యాక్టరీ. పెద్ద నగరాల్లో ఇవన్నీ ఇప్పటి భవనాల కింద, మెట్రో స్టేషన్ల మధ్య ముక్కలుగా కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం ఊరి మీద ఇంకో ఊరు పెరగలేదు. అందుకే ఎవరు ఎక్కడ పని చేశారో, సరుకు ఎటు వెళ్లిందో నడుస్తుంటేనే అర్థమవుతుంది. నాకు ఈ చోటు అంతగా నచ్చడానికి కారణం అదే. ఇది రాజుల ఊరు కాదు, కష్టం చేసుకుని బతికినవాళ్ల ఊరు.

రోమ్, పాంపేయీ చూసేశాం. ఇది మళ్లీ చూడాలా?

ఇటలీలో తవ్వి తీసిన రోమన్ నగరం పాంపేయీ చూసినవాళ్లకే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ ఇళ్లు, బొమ్మలు, విలాసం కనిపిస్తాయి. ఇక్కడ ఆ విలాసాలకి సరుకు తయారు చేసి పంపిన ఊరు కనిపిస్తుంది. జనం రద్దీ కూడా చాలా తక్కువ. కాకపోతే ట్రిప్ మొత్తానికి ఐదు రోజులే ఉండి, సెవిల్, గ్రనడా ఇంకా చూడకపోతే మాత్రం ముందు వాటికే వెళ్లండి.

మేం బీచ్ కోసం వెళ్తున్నాం. దీనికి ఎంత టైం కేటాయించాలి?

రెండు గంటలు పెట్టుకోండి. మ్యూజియానికి అరగంట, బయట తిరగడానికి గంటన్నర. పొద్దున తెరవగానే శిథిలాలు చూసి, ఎండెక్కాక బీచ్‌కి వెళ్లడం మంచి పద్ధతి. ఉల్టాగా పెట్టుకుంటే, స్నానాలు చేసి, ఇసుక కాళ్లతో, ఆకలితో వచ్చేసరికి గేటు మూసే టైం అవుతుంది.

## బయల్దేరే ముందు

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ హాయిగా ఉంటాయి. ఏప్రిల్, మేలో కొండవాలు పచ్చగా ఉంటుంది. ట్యూనా చేపలు అట్లాంటిక్ నుంచి మధ్యధరా సముద్రంలోకి గుడ్లు పెట్టడానికి వెళ్లే కాలం కూడా అదే. రెండు వేల ఏళ్ల కిందట ఈ ఊళ్లో పని ఊపందుకునే రోజులవి. జులై, ఆగస్టుల్లో స్పెయిన్ జనమంతా సెలవుల్లో ఉంటారు. బొలోనియాలోకి వెళ్లే ఒక్క రోడ్డూ కార్లతో నిండిపోతుంది.

లెవాంతె గాలి అంటే ఏంటి? అందరూ దాని గురించే భయపెడుతున్నారు

తూర్పు నుంచి జలసంధి ఇరుకులోకి దూరి వచ్చే గాలిని అక్కడ లెవాంతె అంటారు. పడమటి గాలి పేరు పొనియెంతె. లెవాంతె మొదలైతే ఒక్కోసారి రోజుల తరబడి వదలదు. గొడుగు నిలవదు, టోపీ ఎగిరిపోతుంది, ఇసుక వచ్చి కాళ్లకి సూదుల్లా గుచ్చుకుంటుంది. తరీఫా కైట్ సర్ఫింగ్‌కి పేరు తెచ్చుకున్నది ఈ గాలుల వల్లే. మీరు చూడాల్సింది ఎండ ఎంత అని కాదు, గాలి ఎంత అని. బలమైన లెవాంతె చూపిస్తున్న రోజు బీచ్ ఆలోచన మానేయండి. శిథిలాలు మాత్రం కళ్లజోడు, తలకి గట్టిగా కట్టుకున్న స్కార్ఫ్‌తో చూసేయొచ్చు.

టికెట్ ఎంత? ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఫ్రీనా?

యూరోపియన్ యూనియన్ పౌరులకి ఉచితం. మిగతావాళ్లకి చాలాకాలంగా 1.50 యూరోలే తీసుకుంటున్నారు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు కౌంటర్ దగ్గర రెసిడెన్స్ కార్డు చూపించి అడగండి. కుదరదన్నా పోయేది పెద్దగా ఏమీ లేదు. గుర్తింపు కార్డు మాత్రం వెంట ఉండాలి.

సోమవారం వెళ్లొచ్చా?

వద్దు, సోమవారం మూసేస్తారు. ఆదివారాలు, మండువేసవి రోజుల్లో మధ్యాహ్నం మూడింటికే మూసేసే షెడ్యూల్ ఉండొచ్చు. అందుకే ఏ కాలంలో వెళ్లినా పొద్దునే చేరేలా చూసుకోండి.

తరీఫా నుంచి ఫెర్రీలో మొరాకో కూడా చుట్టేద్దాం అనుకుంటున్నాం. స్పెయిన్ వీసా ఉంటే చాలు కదా?

చాలదు. ఇది చాలా మందికి టెన్షన్ తెచ్చిపెట్టే విషయం. తరీఫా నుంచి టాంజియర్‌కి ఫెర్రీలో గంట ప్రయాణమే, కానీ ఆ గంటలో మీరు షెంగెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) దాటి వెళ్లిపోతారు. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే దానితో మళ్లీ స్పెయిన్‌లోకి రానివ్వరు. మొరాకోకి ఇండియన్లకి వేరే అనుమతి కావాలి. మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా, మొరాకో వీసా రెండూ చేతిలో ఉన్నాకే ఫెర్రీ బుక్ చేయండి. బాయెలో క్లౌదియా ఒక్కటే చూడ్డానికైతే మామూలు షెంగెన్ వీసా సరిపోతుంది.

## దారి, రవాణా

మ్యాప్‌లో బొలోనియా అని కొడితే ఇటలీ చూపిస్తోంది!

ఇటలీలోని బొలోన్యా నగరాన్ని కూడా స్పానిష్‌లో ఇలాగే రాస్తారు. "బొలోనియా, తరీఫా" అని గానీ, "బాయెలో క్లౌదియా" అని గానీ వెతకండి. తరీఫా నుంచి కాదిస్ వైపు ఎన్-340 రోడ్డు మీద వెళ్తూ ఎడమకి తిరిగితే, కొండ ఎక్కి దిగే చిన్న రోడ్డు బొలోనియాకి తీసుకెళ్తుంది. దారిలో ఆవులు అడ్డం వస్తాయి, నెమ్మదిగా పోనివ్వండి.

కారు లేకుండా వెళ్లొచ్చా?

వేసవి నెలల్లో తరీఫా నుంచి బొలోనియాకి బస్సులుంటాయి. మిగతా కాలంలో తరీఫా, కాదిస్ మధ్య తిరిగే బస్సులు మెయిన్ రోడ్డు మీద నుంచే వెళ్లిపోతాయి. అక్కడి నుంచి బీచ్ దాకా సుమారు ఏడు కిలోమీటర్లు, నీడ లేదు. కాబట్టి వేసవి కాకపోతే తరీఫాలో టాక్సీ మాట్లాడుకుని, తిరిగి వచ్చే టైం కూడా అప్పుడే చెప్పేసుకోవడం మంచిది. తరీఫాకి రైలు లేదు. దగ్గరి రైల్వే స్టేషన్ అల్జెసీరస్.

మలగాలో ఉంటున్నాం. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

కారుంటే వచ్చేయొచ్చు. ఒకవైపు రెండు గంటల పైనే పడుతుంది. ఇండియన్ లైసెన్స్‌తో నడిపేవాళ్లు ఇండియాలో బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. మొదటిసారి అలా నడిపేవాళ్లు రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. కుదిరితే తరీఫాలో ఒక రాత్రి ఉండండి. పాత కోటగోడల మధ్య ఇరుకు సందులున్న ఊరు, సాయంత్రం తిరగడానికి బాగుంటుంది.

## లోపలికి వెళ్లాక

ఎక్కడ మొదలుపెట్టాలి?

విజిటర్ సెంటర్‌లో. గియెర్మో వాస్కెస్ కొన్సుయెగ్రా అనే స్పానిష్ ఆర్కిటెక్ట్ కట్టిన ఈ భవనం 2007లో తెరుచుకుంది. లోపల ఊరి నమూనా ఉంటుంది. దాని ముందు పది నిమిషాలు నిలబడి, థియేటర్ ఎక్కడ, సముద్రం ఎటు, పెద్ద వీధి ఎటు పోతోంది అని చూసుకుంటే బయట పునాదులు వాటంతట అవే ఊరిలా కనిపిస్తాయి. టాయిలెట్, తాగే నీళ్లు ఇక్కడే చూసుకుని వెళ్లండి. బయట నీడ దాదాపు లేదు.

సముద్రం పక్కన ఆ గుండ్రటి, చదరపు గుంతలు ఏంటి? స్నానాల తొట్లా?

కాదు, చేపల్ని ఊరబెట్టిన తొట్లు. ఊరు మొత్తం వీటి చుట్టూనే పెరిగింది, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఉండమంటాను. వలల్లో పడ్డ ట్యూనాల్ని ఒడ్డుకి లాగి, శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఆవకాయ జాడీలో ముక్కలూ పిండీ పొరలుగా వేసినట్టు ఒక వరస చేప, ఒక వరస ఉప్పు నింపేవారు. అలా వారాల తరబడి ఊరాక మట్టి జాడీలకెత్తి ఓడలెక్కించేవారు.

ఒక తొట్టి అంచు దగ్గర కూర్చుని లోపలి గచ్చు చూడండి. సున్నంలో దంచిన ఇటుక ముక్కలు కలిపి పూశారు. ఆ ఎర్రటి పలుకులు ఇంకా కనిపిస్తాయి. అడుగున మూలలు చూస్తే పదునైన కోణం ఉండదు, గుండ్రంగా మలిచి ఉంటుంది. మూలల్లో మడ్డి పేరుకోకుండా, కడగడానికి వీలుగా ఉండేందుకు చేసిన పని అది. ఏ చక్రవర్తి విగ్రహం కన్నా నాకు ఈ మూలలే ఎక్కువ చెబుతాయి. రోజూ ఆ తొట్టిలోకి దిగి కడిగిన మనిషి ఇబ్బంది తెలిసిన మేస్త్రీ కట్టాడు దాన్ని.

గారుమ్ అంటే ఏంటి? కుళ్లిన చేపల నీళ్లు నిజంగా తినేవారా?

కుళ్లనివ్వరు, ఊరనిస్తారు. చేపల పేగులు, రక్తం, చిన్న చేపలు బాగా ఉప్పు వేసి ఎండలో ఉంచితే నెలల్లో కరిగి ద్రవంగా మారుతాయి. ఉప్పు ఎక్కువ ఉండటం వల్ల కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగవు. చేపలోని ఎంజైములే మాంసాన్ని కరిగిస్తాయి. పైన తేరిన పలచటి రసం గారుమ్, అడుగున మిగిలిన ముద్ద అల్లెక్. రోమన్లు కూరల్లో ఉప్పుకి బదులు గారుమ్ వాడేవారు. థాయ్, వియత్నాం వంటల్లో ఈనాటికీ వాడే ఫిష్ సాస్ దాదాపు ఇదే పద్ధతిలో తయారవుతుంది.

స్తంభాలు వరసగా నిలబెట్టి ఉన్నచోటు ఏంటి? ఫోటోల్లో అదే కనిపిస్తుంది

అది బాసిలికా, అంటే కోర్టు. వ్యాపార తగాదాలు, ఊరి వ్యవహారాలు అక్కడ తేల్చేవారు. దాని ముందున్న ఖాళీ చోటు ఫోరం, ఊరి నడిబొడ్డు. పరిచిన బండలు తరీఫా ప్రాంతపు రాయే. పక్కనే మాంసం, సరుకులు అమ్మిన మార్కెట్, అందులో 14 కొట్ల గదులు. బాసిలికాలో నిలబెట్టిన విగ్రహం ట్రాజన్ చక్రవర్తిది. ఈయన పుట్టింది సెవిల్ దగ్గరి ఇతాలికాలో, అంటే ఈ ప్రాంతం వాడే. ఇక్కడున్నది నకలు. అసలు పాలరాతి విగ్రహం కాదిస్ మ్యూజియంలో ఉంది.

మూడు గుళ్లు పక్కపక్కనే ఎందుకు కట్టారు? ఇంకో గుడి ఈజిప్టు దేవతదట?

జుపిటర్, జూనో, మినర్వా ముగ్గురూ రోమ్ నగరపు ప్రధాన దేవతలు. చాలా ఊళ్లలో ముగ్గురికీ కలిపి ఒకే గుడి ఉంటుంది. ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో గుడి కట్టారు, అది అరుదు. వాటికి తూర్పున ఐసిస్ గుడి ఉంది. ఈజిప్టు నుంచి ఓడల మీద వచ్చిన దేవత ఈమె. నావికుల్ని కాపాడుతుందని నమ్మేవారు. సముద్రం మీద బతికే ఊళ్లో ఆమెకి గుడి ఉండటం సహజమే.

ఐసిస్ గుడి మెట్ల ముందు భక్తులు సమర్పించిన రాతి పలకలు దొరికాయి. వాటి మీద పాదాల గుర్తులు చెక్కి ఉన్నాయి. విష్ణుపాదాలకి మొక్కే మనకి ఆ పలకలు కొత్తగా అనిపించవు. ఇదే గుడిలో సీసపు రేకు మీద గీసిన ఒక ఫిర్యాదు కూడా దొరికింది. తన కొత్త తెల్ల దుప్పటి, పక్క బట్టలు ఎవరో ఎత్తుకుపోయారని, ఆ దొంగ ప్రాణం తీయమని ఎవరో ఐసిస్‌ని వేడుకున్నారు.

థియేటర్‌లో ఎంతమంది పట్టేవారు? ఇప్పుడు నాటకాలేమైనా వేస్తారా?

సుమారు రెండు వేల మంది. కొండవాలుని ఆసరా చేసుకుని మెట్లు కట్టారు. పైమెట్టు మీద కూర్చుంటే వేదిక వెనక సముద్రం కనిపిస్తుంది. కానీ రోమన్ల కాలంలో వేదిక వెనక ఎత్తైన గోడ ఉండేది. వాళ్లకి ఆ దృశ్యం కనిపించేది కాదు. వేసవి రాత్రుల్లో ఇక్కడ ప్రాచీన నాటకాలు ప్రదర్శిస్తారు. దానికి టికెట్ వేరే, ముందే కొనుక్కోవాలి. స్పానిష్ రాకపోయినా, కథ ముందే చదువుకుని వెళ్తే చూడదగ్గ అనుభవం.

ఇంత కళకళలాడిన ఊరు ఎలా పాడైపోయింది?

భూకంపాలు గట్టి దెబ్బ కొట్టాయి. క్రీస్తుశకం 1వ శతాబ్దం మధ్యలో వచ్చిన దాని తర్వాత ఊరిని ఇంకా ఘనంగా కట్టుకున్నారు. ఇప్పుడు మనం చూస్తున్న ఫోరం ఎక్కువగా అప్పటిదే. 3వ శతాబ్దంలో వచ్చిన రెండో దాని తర్వాత మునుపటిలా కోలుకోలేదు. దూరదేశాల వ్యాపారం కూడా సన్నగిల్లింది. 7వ శతాబ్దానికి ఊరు ఖాళీ అయింది. ఫోరం బండల మీద నడిచేటప్పుడు కింద చూడండి, నేల అలలుగా లేచి ఉంటుంది. తవ్వకాల్లో స్తంభాలు, గోడలు పడ్డవి పడ్డట్టే దొరికాయి. పాత భూకంపాల మీద పరిశోధించే శాస్త్రవేత్తలు ఇక్కడికి రావడానికి కారణం ఆ గుర్తులే.

దీన్ని తవ్వింది ఎవరు?

పియెర్ పారీ అనే ఫ్రెంచ్ పురావస్తు పండితుడి బృందం 1917 నుంచి 1921 దాకా మొదటి పెద్ద తవ్వకాలు చేసింది. 1925లో స్పెయిన్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. 1960ల్లో ఫ్రెంచ్ సంస్థ కాసా దె వెలాస్కెస్ మళ్లీ పని మొదలుపెట్టింది. తవ్వకాలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. తాళ్లు కట్టిన చోట్లకి వెళ్లకండి, గోడల మీద ఎక్కకండి.

ఈ వ్యాపారానికి మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

బాయెలోతో నేరుగా ఉందని చెప్పలేం. కానీ పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన రోమన్ జాడీల పెంకుల్లో స్పెయిన్ నుంచి వచ్చిన గారుమ్ జాడీలవీ ఉన్నాయని నిపుణులు గుర్తించారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అక్కడి మెట్ల రంగస్థలం చూసినవాళ్లు ఇక్కడి థియేటర్ మెట్ల మీద కూర్చుంటే ఆ రెంటినీ పోల్చుకోకుండా ఉండలేరు.

## పిల్లలు, పెద్దవాళ్లు, తిండి

పిల్లలు బోర్ అంటారేమో?

మ్యూజియంలో ఎక్కువసేపు ఉంచితే అంటారు. చేపల తొట్ల దగ్గరికి తీసుకెళ్లి, రెండు మూడు వందల కిలోల చేపని ఒడ్డుకి ఎలా లాగి ఉంటారో అడగండి, వాళ్లే ప్రశ్నలు మొదలుపెడతారు. చంటిపిల్లల్ని స్ట్రాలర్‌లో కాకుండా క్యారియర్‌లో ఎత్తుకోండి. పాత రాతి వీధిలో చక్రాలు సరిగ్గా దొర్లవు.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి. కాకపోతే మొత్తం తిరగాలని పట్టుబట్టకండి. థియేటర్ వైపు ఎక్కుడు ఉంటుంది. విజిటర్ సెంటర్ డాబా నుంచి ఊరంతా, వెనక సముద్రంతో సహా కనిపిస్తుంది. వాళ్లని అక్కడ కూర్చోబెట్టి మీరు పై భాగం చూసి రావచ్చు. మంచి పట్టున్న బూట్లు, టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి.

మేం వెజిటేరియన్. తినడానికేమైనా దొరుకుతుందా?

బీచ్ హోటళ్లలో చేపలదే రాజ్యం. గస్పాచో అనే చల్లటి టమాటా సూప్, వంకాయ వేపుడు, సలాడ్, బంగాళదుంప వేపుడు దొరుకుతాయి. బంగాళదుంప తొర్తియ్యాలో గుడ్డు ఉంటుంది. సల్మొరెహో కూడా టమాటాదే కదా అని తీసుకుంటే పైన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు, వద్దని ముందే చెప్పండి. గొడ్డుమాంసం తిననివాళ్లు మెనూలో "రెతింతొ" అన్న పేరు గుర్తుపెట్టుకోండి. అది స్థానిక ఎర్ర ఆవుల మాంసం. ఆ ఆవులే బొలోనియా ఇసుకలో తాపీగా పడుకుని కనిపిస్తాయి. పులిహోర కట్టుకెళ్తే ఇంకా నిశ్చింత, కానీ శిథిలాల లోపల తినకండి.

## చూశాక

బీచ్‌లో ఫ్యామిలీతో ఇబ్బందేమైనా ఉంటుందా?

పల్లెకి ఎదురుగా ఉన్న భాగం కుటుంబాలకి బాగుంటుంది. తూర్పు కొసకి నడుస్తూ పోతే బట్టల్లేకుండా స్నానాలు చేసేవాళ్లు కనిపిస్తారు, అక్కడ అది మామూలే. మీకు ఇబ్బందనిపిస్తే అటు వెళ్లకండి, ఫోటోలు మాత్రం అస్సలు తీయకండి. నీళ్లు అట్లాంటిక్‌వి, వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. ఎర్ర జెండా ఎగురుతుంటే దిగొద్దు.

ఆ పెద్ద ఇసుక దిబ్బ ఎక్కొచ్చా?

బీచ్ పడమటి కొసన ముప్ఫై మీటర్లకి పైగా ఎత్తున్న దిబ్బ అది. లెవాంతె గాలి ఇసుకని తోసుకుంటూ వెనకున్న పైన్ చెట్లని మింగేస్తోంది. 2001 నుంచి రక్షిత సహజ స్మారకం. బోర్డులు అనుమతించిన దారిలోనే ఎక్కండి. మధ్యాహ్నం ఇసుక కాలుతుంది, సాయంత్రం పెట్టుకోండి. పైనుంచి చూస్తే బీచ్ వంపు అంతా కనిపిస్తుంది.

ఇదే దారిలో ఇంకేం చూడొచ్చు?

రోమన్ల మీద ఆసక్తి పెరిగితే కాదిస్ వెళ్లండి. అక్కడ మ్యూజియం, పాత రోమన్ థియేటర్ రెండూ ఉన్నాయి. మధ్యలో కొండ మీద తెల్లటి ఊరు వెహేర్ వస్తుంది. వసంతకాలమైతే బర్బాతె, సహారా దె లొస్ అతూనెస్ వైపు కూడా వెళ్లి చూడండి. అల్మద్రాబా అనే వలల చిట్టడవి కట్టి, వలస వెళ్లే ట్యూనాల్ని అక్కడి జాలర్లు ఇప్పటికీ పడుతున్నారు.